ఈ గేర్ ఏ దెబ్బని ఆపుతుంది, ఏ దెబ్బని ఆపదు? అది కూడా రాయండి

ఆఫ్‌రోడ్ మోటార్‌సైకిల్ గేర్ (రైడర్లు ఒంటి మీద వేసుకునే రక్షణ సామగ్రి) తయారీదారులకు, పోటీల నిర్వాహకులకు, రైడింగ్ శిక్షకులకు బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

మోటోక్రాస్ (జంపులున్న మట్టి ట్రాక్ మీది రేసు), ఎండ్యూరో (కొండ, అడవి దారుల్లో సాగే పోటీ) వంటి బైక్ పోటీల్లో ట్రాక్ పక్కన జెండా పట్టుకుని నిలబడే మార్షల్‌ని నేను. రైడర్ పడితే అందరికంటే ముందు పరిగెత్తేది మేమే. హెల్మెట్ కింద ముఖం ఎలా ఉందో, బూటు లోపల కాలు ఎలా ఉందో డాక్టర్ కంటే ముందు చూసేది మేమే. ఈ లేఖలోని విషయాలు ఇప్పటికే ఒక తయారీ సంస్థకి రాశాం, ఒక పోటీ నిర్వాహకులకీ రాశాం. సంస్థ నుంచి "మా ఉత్పత్తి ప్రమాణాలకు లోబడే ఉంది" అని ఒక్క వాక్యం వచ్చింది. నిర్వాహకులు రూల్ బుక్ కాపీ పంపారు. మేం అడిగినదానికి జవాబు ఆ రెండింటిలోనూ లేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను.

గేర్ అనవసరం అని వాదించడానికి ఈ లేఖ రాయడం లేదు. హెల్మెట్, గాగుల్స్, గ్లోవ్స్, గట్టి బూట్లు లేని మనిషిని నేనైతే ట్రాక్ మీదికి రానివ్వను. మీరు తయారు చేసిన వస్తువుల వల్ల ఎందరో తమ కాళ్ళ మీద తాము నడిచి ఇంటికి వెళ్ళారు, అందుకు కృతజ్ఞతలు. మా ఆవేదన వేరు. ఏ వస్తువు దేనికి పనికొస్తుంది, దేనికి పనికిరాదు, వేసుకున్నందువల్ల కొత్తగా ఏ ఇబ్బంది వస్తుంది అనేది కొనేవాళ్ళకి ఎవరూ చెప్పడం లేదు. తెలియనిదానికి మూల్యం వాళ్ళే చెల్లిస్తున్నారు. కాలర్ బోన్ విరిగితే నెలన్నర నుంచి మూడు నెలలు చెయ్యి పనికిరాదు. మోకాలి లిగమెంట్ తెగి ఆపరేషన్ అయితే మళ్ళీ బండెక్కడానికి తొమ్మిది నెలలైనా పడుతుంది. ఈలోగా జీతం, చదువు, ఇంటి పని అన్నీ వేరేవాళ్ళ మీద పడతాయి.

1. ఛాతీ ప్లేటు సంగతి.

ఒక పోటీలో టేబుల్‌టాప్ జంప్ (పైన బల్లలా చదునుగా ఉండే మట్టి దిబ్బ) దగ్గర ఒక కుర్రాడు దూరం చాలక ముందే దిగిపోయాడు. బండి ముందుకి మొగ్గి, హ్యాండిల్‌బార్ చివర అతని ఛాతీలో గుద్దుకుంది. నేను వెళ్ళేసరికి పక్కకి ఒరిగి, మోకాళ్ళు ముడుచుకుని, ఊపిరి అందక నోరు తెరిచి మూస్తున్నాడు. ప్లేటు నిలువునా పగిలి ఉంది. పట్టీలు విప్పుతుంటే లోపలి వైపు కుట్టిన చిన్న గుడ్డ లేబుల్ కనిపించింది. చెమటకి సగం చెరిగిపోయినా నంబర్ మాత్రం తెలుస్తోంది: ఈఎన్ 14021.

ఈఎన్ అంటే యూరప్ ప్రమాణం. ఆ నంబర్ చెప్పేదేమిటంటే, అది రాళ్ళ కవచం. ముందు బండి వెనక చక్రం ఎగరగొట్టే రాళ్ళు, మట్టిపెళ్ళల నుంచి కాపాడడానికి పెట్టిన ప్రమాణం అది. పడినప్పుడు ఛాతీకి తగిలే దెబ్బకి వేరే ప్రమాణం ఉంది, దాని నంబర్ ఈఎన్ 1621-3. అట్టపెట్టె మీద మాత్రం పెద్ద అక్షరాలతో 'ఛాతీ రక్షణ' అని ఉంది. కుర్రాడికి పక్కటెముకలు విరిగాయి. "రక్షణ అని రాసి ఉందనే కదండీ కొన్నాం" అని వాళ్ళ నాన్న అడిగితే నా దగ్గర సమాధానం లేదు.

సంస్థ మాకు రాసిన జవాబు అక్షరాలా నిజమే. ఆ వస్తువు రాళ్ళ పరీక్ష పాసైంది. పెట్టె మీద ఆ ముక్క లేకపోవడమే మా ఫిర్యాదు. తయారీదారులు ఇకనుంచి పెట్టె ముందు వైపే, కొనేవాళ్ళు చదివే భాషలో, "ఇది రాళ్ళ నుంచి మాత్రమే కాపాడుతుంది, పడితే తగిలే దెబ్బకి పరీక్షించలేదు" అని రాయాలి. రెండు పరీక్షలూ పాసైన ప్లేట్లు మార్కెట్లో ఉన్నాయి. వాటిని తయారు చేసేవాళ్ళకి ఇలా రాయడం వల్ల లాభమే తప్ప నష్టం లేదు.

2. 'సీఈ సర్టిఫైడ్' అనే మాట వెనక ఉన్న అంకెలు.

మోచేయి, భుజం, మోకాలి ప్యాడ్లని ఈఎన్ 1621-1 ప్రకారం పరీక్షిస్తారు. 5 కిలోల దిమ్మని సుమారు మీటరు ఎత్తు నుంచి ప్యాడ్ మీద పడేసి, ప్యాడ్ దాటి అవతలికి ఎంత బలం వెళ్ళిందో కొలుస్తారు. లెవెల్ 1లో సగటున 35 కిలోన్యూటన్ల దాకా వెళ్ళినా పాసే. లెవెల్ 2లో 20 దాటకూడదు. వెన్ను ప్రొటెక్టర్‌కి ఇంకా కఠినం: లెవెల్ 1కి 18, లెవెల్ 2కి 9. 35 కిలోన్యూటన్లంటే లిప్తపాటు మూడున్నర టన్నుల బరువు మీద పడ్డట్టు. వెన్నుకి లెవెల్ 1, లెవెల్ 2 మధ్య తేడా సరిగ్గా సగం. ప్రకటనలో మాత్రం రెండూ 'సీఈ సర్టిఫైడ్' (యూరప్ నియమాలకు లోబడి ఉందనే గుర్తు) అనే కనిపిస్తాయి. లెవెల్ చూడాలంటే ప్యాడ్ బయటికి లాగి, బండి బొమ్మ పక్కన గడిలో ఉన్న చిన్న అంకె వెతుక్కోవాలి.

మామూలుగా మెత్తగా ఉండి దెబ్బ తగిలితే గట్టిపడే ప్యాడ్లు ఇప్పుడు ఎక్కువ వాడుతున్నారు. హాయిగా ఉంటాయి కాబట్టి రైడర్లు తీసి పక్కన పెట్టకుండా వేసుకుంటారు, అది పెద్ద లాభం. కానీ వేడికి ఈ రకం ప్యాడ్లలో చాలావాటి గుణం మారుతుంది. అందుకే 2012లో సవరించిన ప్రమాణంలో 40 డిగ్రీల దగ్గర పరీక్షించే ఏర్పాటు ఉంది. అది పాసైతే లేబుల్ మీద టి ప్లస్ అని వేస్తారు. ఈ పరీక్ష తప్పనిసరి కాదు. చెమటతో తడిసి, ఎండలో కాగే జెర్సీ కింద వాడే వస్తువుకి వేడి పరీక్ష ఐచ్ఛికం కావడం నాకు మింగుడు పడడం లేదు. ఆఫ్‌రోడ్ కోసం అమ్మే ప్రతి ప్యాడ్‌కీ మీ అంతట మీరే ఈ పరీక్ష చేయించండి.

ఇంకో సంగతి. వెన్ను ప్రొటెక్టర్ పరీక్ష నేరుగా తగిలే దెబ్బకి మాత్రమే. రాయి మీదో చెట్టు వేరు మీదో వెల్లకిలా పడితే అది ఆదుకుంటుంది. తల కిందులుగా పడ్డప్పుడు, కూర్చున్న భంగిమలో నేల మీద పడ్డప్పుడు వెన్నుపూసలు ఒకదాని మీద ఒకటి నలుగుతాయి. ఆ ఒత్తిడి ప్రొటెక్టర్ గుండా పోదు, వెన్ను గుండానే పోతుంది. నడుము మెలిపడ్డా అంతే. "వెన్ను ప్రొటెక్టర్ ఉంది కదా" అని పెద్ద జంపులకి ఎగబడే కుర్రాళ్ళకి ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు, సగం మంది ఆగి ఆలోచిస్తారని నా నమ్మకం.

ఆస్ట్రేలియాలో రోడ్డు ప్రమాదాల్లో పడ్డ రైడర్ల మీద చేసిన అధ్యయనం ఒకటి 2011లో వెలువడింది. గేర్ వేసుకున్నవాళ్ళు ఆస్పత్రిలో చేరడం తగ్గిందని అందులో తేలింది. మోటార్‌సైకిల్ కోసమే తయారైన గ్లోవ్స్, జాకెట్లు, ప్యాంట్లలో పావు వంతుకి పైగా పడ్డప్పుడు చిరగడమో పాడవడమో జరిగి విఫలమయ్యాయనీ అదే అధ్యయనం చెప్పింది. మీ ప్రకటనల్లో మొదటి సగమే వినిపిస్తుంది.

3. ఎండ, వడదెబ్బ.

ఇది నిర్వాహకులు శ్రద్ధగా చదవాలని ప్రత్యేకంగా కోరుతున్నాను, ఎందుకంటే ఇక్కడ రక్షణ కోసం వేసుకున్న వస్తువే ప్రమాదంలో భాగమవుతుంది.

రోడ్డు మీద బండి వేగానికి గాలి తగిలి చెమట ఆరుతుంది. ఇసుకలో, రాళ్ళ ఎక్కుడులో, బురదలో బండి నడిచేది మనిషి నడక వేగంతోనే. మనిషి మాత్రం ఫుట్‌పెగ్స్ మీద నిలబడి, నూరు కిలోల పైబడ్డ బండిని చేతులతో కాళ్ళతో లాగుతుంటాడు. మోటోక్రాస్ రేసులో గుండె దాని గరిష్ఠ వేగంలో 90 శాతం దాటి కొట్టుకోవడం సాధారణం. ఒంటి మీద హెల్మెట్, నెక్ బ్రేస్ (మెడ చుట్టూ వేసుకునే గట్టి పట్టా), ఛాతీ ప్లేటు, వెన్ను ప్రొటెక్టర్, మోకాలికి కట్టే నీ బ్రేసులు, మోకాలి దాకా బూట్లు. చెమట కారుతుంది కానీ ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు.

ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటితే మెదడు మీద దెబ్బ పడుతుంది. మాట తడబడుతుంది, మలుపు ఎక్కడో మర్చిపోతాడు, నేను ఊపే పసుపు జెండా కనిపించినా దాని అర్థం తలకెక్కదు. అలాంటి స్థితిలో జంప్ ఎక్కినవాడు తనతోపాటు ఇంకొకరినీ పడగొడతాడు. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అనే నమ్మకం చాలామందిలో ఉంది. శ్రమ వల్ల వచ్చే వడదెబ్బలో చెమటలు కక్కుతూనే మనిషి కూలిపోవచ్చు. అప్పుడు ముందు చెయ్యాల్సింది అంబులెన్స్ ఎక్కించడం కాదు, అక్కడికక్కడే గేర్ విప్పి చల్లటి నీళ్ళలో ముంచడం, వీలుకాకపోతే నీళ్ళు గుమ్మరించడం.

మేం నిర్వాహకులని అడిగింది ఇంతే: మిట్ట మధ్యాహ్నం జరిగే హీట్‌ల (రేసు రౌండ్ల) వేళ మార్చండి, స్టార్ట్ గేటు దగ్గర నీడ వేయండి, పిలుపు వచ్చేదాకా హెల్మెట్, ప్లేటు తీసి కూర్చోనివ్వండి, ముంచడానికి సరిపడా నీళ్ళ తొట్టి ఒకటి సిద్ధంగా ఉంచండి. దీనికి జవాబుగా వచ్చిన రూల్ బుక్‌లో గేర్ తప్పనిసరి అని ఉంది. ఎండ గురించి ఒక్క ముక్క లేదు. బరువైన గేర్ తప్పనిసరి చేసేవాళ్ళకి, ఆ గేర్‌లో మనిషి ఉడికిపోకుండా చూసే బాధ్యత కూడా ఉంటుంది.

తయారీదారులకి: గాలి ఆడే గుణాన్ని కొలవడం కష్టమేమీ కాదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కోసం 2018లో మొదలైన మోటోక్యాప్ అనే రేటింగ్ కార్యక్రమం జాకెట్లకీ ప్యాంట్లకీ రక్షణతో పాటు, ఒంటికి వేడి ఎంత తగులుతుందన్నదానికీ స్టార్ రేటింగ్ ఇస్తోంది. మీ వస్తువుల మీద కూడా ఆ రెండూ పక్కపక్కన రాయండి.

4. నెక్ బ్రేస్.

దక్షిణాఫ్రికా డాక్టర్ క్రిస్ లీయట్ ఒక రైడర్ మరణం చూశాక మొదలుపెట్టిన ఆలోచన ఇది. తల హద్దు మీరి ముందుకీ వెనక్కీ పక్కకీ వంగిపోకుండా ఆపాలన్నది ఉద్దేశం. ఆ ఉద్దేశం మీద నాకు గౌరవం ఉంది. అయితే మెడ మీద పడాల్సిన బలం మాయమైపోదు, భుజాల మీదికీ ఛాతీ మీదికీ వీపు పైభాగం మీదికీ మళ్ళుతుంది. కాలర్ బోన్ మీద దాని ప్రభావం ఏమిటి, వీపు మధ్య వెన్నుపూసల మీద ఏమిటి అన్న వాదన రైడర్లలోనూ డాక్టర్లలోనూ ఇంకా నడుస్తోంది. జంపులున్న ట్రాక్ మీద, ఒంటికి సరిగ్గా అమరితే, వేసుకోవడమే మేలని నా అభిప్రాయం. అమరకపోతే మాత్రం అది మంచి కంటే చెడే ఎక్కువ చెయ్యవచ్చు. ఛాతీ ప్లేటు ఒక కంపెనీది, బ్రేస్ ఇంకో కంపెనీది కలిపి వేసుకుని, రెండిటి మధ్య బ్రేస్ పైకి లేచి, తల తిప్పలేక అవస్థ పడేవాళ్ళని తరచు చూస్తుంటాను. మీ బ్రేస్ ఏ ప్లేట్లతో కుదురుతుంది, ఏ వాటితో కుదరదు అన్న జాబితా ఇవ్వండి. మీరు చేసిన పరీక్షల ఫలితాలు, అనుకూలమైనవీ కానివీ, అందరికీ అందుబాటులో పెట్టండి.

5. నీ బ్రేస్ (మోకాలి బ్రేస్).

ఇక్కడ ఆధారం కొంచెం గట్టిగానే ఉంది. ఆఫ్‌రోడ్ రైడర్లు 2,115 మందిని గమనించి 2011లో వెలువరించిన అధ్యయనంలో, బ్రేస్ వేసుకోనివాళ్ళకి మోకాలి గాయాల రేటు వేసుకున్నవాళ్ళకంటే రెట్టింపుకి పైగా ఉంది. లిగమెంట్లు తెగడమూ బ్రేస్ ఉన్నవాళ్ళలో తక్కువే. కాబట్టి బ్రేస్ వల్ల తొడ ఎముక విరుగుతుందన్న పుకారు ఒక్కటీ పట్టుకుని బ్రేస్ మానెయ్యడం సబబు కాదు. కానీ బ్రేస్ కీలు మోకాలి కీలుకి ఎదురుగా ఉండాలి. వదులైన బ్రేస్ బూటులోకి జారితే ఆ లాభం పోతుంది. తొడ కొలత, పిక్క కొలత తీసుకోకుండా షర్టుల్లా స్మాల్, మీడియం అని అమ్మడం ఆపండి.

6. హెల్మెట్, బూట్లు.

వీటి గురించి వాదనే లేదు. హెల్మెట్ ప్రాణాపాయాన్ని సుమారు 42 శాతం, తల గాయాలని 69 శాతం తగ్గిస్తుందని 2008లో కాక్రేన్ సమీక్ష (అనేక వైద్య అధ్యయనాలని కలిపి బేరీజు వేసేది) తేల్చింది. హెల్మెట్లకి ఉన్న ఈసీఈ 22.06 ప్రమాణంలో తల మెలిపడే దెబ్బకి కూడా పరీక్ష చేరింది. అడిగేది రెండే. లోపలి నురుగు ఒక్క గట్టి దెబ్బకే నలిగిపోతుంది, పైకి గీత కూడా కనిపించకపోవచ్చు. "పెద్దగా పడితే మార్చాలి" అన్న మాట హెల్మెట్ లోపలే, చెరగని సిరాతో వేయండి. రెండోది, ముందుండే పీక్ (నుదుటి మీది టోపీ అంచు లాంటి భాగం) నేలకి తగిలితే తల తిరిగిపోకుండా ఊడి రావాలి. ప్లాస్టిక్ స్క్రూల స్థానంలో మెరిసే లోహపు స్క్రూలు బిగించుకునేవాళ్ళకి దాని అర్థం ఎవరూ చెప్పడం లేదు.

బూటు చీలమండని కాపాడుతుంది, అందుకు బదులుగా కొంత బలాన్ని ముంగాలి ఎముక మీదికీ మోకాలి మీదికీ పంపుతుంది. నా ఉద్దేశంలో అది ఒప్పుకోదగ్గ బేరమే.

7. మేం విప్పలేని గేర్.

పడిన మనిషికి ఊపిరి ఆడుతోందో లేదో చూడాలంటే ఛాతీ ప్లేటు తీయాలి. ప్లేటు తీయాలంటే నెక్ బ్రేస్ తీయాలి. మెడ కదపకుండా హెల్మెట్ తీయాలంటే చెంపల దగ్గర ప్యాడ్లు ముందు లాగెయ్యాలి. ఆ ప్యాడ్లని లాగడానికి ఒక్కో కంపెనీ పెట్టిన పట్టీ ఒక్కో చోట, ఒక్కో రంగులో. కొన్నిటికి అసలు లేదు. బురద అంటుకుంటే అన్నీ ఒకటే రంగు. ఆ వెతుకులాటలో పోయే క్షణాలు ఊపిరాడని మనిషివి. అన్ని కంపెనీలూ కలిసి కూర్చుని ఒకే రంగు, ఒకే ఆకారం, చేతికి తగిలితేనే తెలిసే ఒకే గుర్తు ఖాయం చేయండి.

ఇక్కడే రైడర్లకో మాట. స్పానర్లు, టైర్ లివర్లు నడుముకి కట్టిన సంచిలోనో వీపు సంచిలోనో వేసుకుంటారు. వెల్లకిలా పడితే ఆ ఇనుము మీకూ నేలకీ మధ్య ఉంటుంది. వీలైనంతవరకు బండికే కట్టండి.

8. పిల్లలు.

ఎదిగే పిల్లలని ఒక సైజు పెద్దది కొనడం తల్లిదండ్రులకి అలవాటు. బట్టలకైతే ఫరవాలేదు. వదులు హెల్మెట్ పడ్డప్పుడు తల మీద తిరిగిపోతుంది, వదులు మోచేతి ప్యాడ్ మణికట్టు దగ్గరికి జారి ఉంటుంది. పైగా పిల్లల తల ఒంటితో పోలిస్తే పెద్దది, మెడ బలం తక్కువ. పెద్దవాళ్ళు పట్టించుకోని హెల్మెట్ బరువు వాళ్ళ మెడకి భారమే. పిల్లల గేర్‌కి పాతది తీసుకుని తర్వాతి సైజు ఇచ్చే ఏర్పాటు తయారీదారులు చెయ్యాలి. పాతదాన్ని పరీక్షించాకే ఇంకొకరికి ఇవ్వాలి, పడిన హెల్మెట్లు మాత్రం ఎవరికీ ఇవ్వకూడదు. నిర్వాహకులు పిల్లల పోటీల్లో హెల్మెట్ స్టిక్కర్ చూసి వదిలెయ్యకుండా, పట్టీ బిగించి, హెల్మెట్ పట్టుకుని కదిపి చూడాలి.

9. శిక్షకులకి.

రక్షణ పెరిగితే మనిషి తెగింపు కూడా పెరుగుతుందన్న వాదన 1975లో ఆర్థికవేత్త సామ్ పెల్ట్‌జ్‌మన్ కార్ల విషయంలో లేవదీసినప్పటి నుంచీ ఉంది. ఎంతవరకు నిజమో అన్నదాని మీద ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. దాన్ని సాకుగా చూపి గేర్ తగ్గించమనడాన్ని నేను ఒప్పుకోను. కానీ నిండా కవచంతో వచ్చిన కొత్త కుర్రాడిని మొదటి రోజే డబుల్ జంప్ (ఒక దిబ్బ నుంచి ఇంకో దిబ్బకి ఎగిరేది) వైపు తీసుకెళ్ళడం చూస్తూ ఊరుకోలేను. ఏ గేర్ ఏ దెబ్బకి పనికిరాదో మొదటి క్లాసులోనే చెప్పండి. పడడం, బండిని వదిలెయ్యడం, అలసిపోతే ఆగడం నేర్పాకే గాలిలోకి పంపండి.

నియమాలు మార్చడం అసాధ్యమేమీ కాదు. ఎడారి దారుల్లో సాగే పెద్ద పోటీ డకార్ ర్యాలీ 2021 నుంచి బైక్ రైడర్లకి ఎయిర్‌బ్యాగ్ వెస్ట్ (పడినప్పుడు గాలితో ఉబ్బే కోటు) తప్పనిసరి చేసింది. అందరికీ అదే కావాలని అడగడం లేదు. మాటిమాటికీ పడుతూ లేస్తూ సాగే కొండ దారి ఎండ్యూరోలో ఎయిర్‌బ్యాగ్ ఎంతవరకు వీలవుతుందో విడిగా ఆలోచించాలి. అయినా అంత పెద్ద పోటీ ఒక నిర్ణయం తీసుకుని అమలు చేయగలిగినప్పుడు, నీడకి ఒక టెంటు, లేబుల్ మీద ఒక వాక్యం మన వల్ల కాదంటే ఎలా?

తయారీదారులు 1, 2, 7 అంశాల మీద తమ నిర్ణయం రాతపూర్వకంగా ప్రకటించాలి. నిర్వాహకులు వచ్చే సీజన్ రూల్ బుక్ అచ్చుకి వెళ్ళకముందే ఎండ నియమాలు అందులో చేర్చాలి. ఏది కుదరదో అది ఎందుకు కుదరదో కూడా చెప్పండి, వింటాం. గేర్ తనిఖీకి ఒక చెక్‌లిస్టు, పెట్టె మీద వేయదగ్గ వాక్యాల నమూనా మేం మార్షల్స్ కలిసి తయారు చేసి పెట్టాం. చర్చకి పిలిస్తే పట్టుకుని వస్తాం.

ఇట్లు,
ఒక ట్రాక్ మార్షల్